ఆన్-రోడ్ ఆర్‌సీ రేస్ కారు: భాగాలు ఎంచుకోవడం, సెటప్ చేయడం ఎలా?

1/10 స్కేల్ టూరింగ్ కారు, అంటే అసలు కారులో పదో వంతు సైజుండే ఆర్‌సీ (రేడియో కంట్రోల్) రేస్ కారు, నేలను తాకేది నాలుగు రబ్బరు టైర్లతోనే. ఒక్కోటి 24 మి.మీ. వెడల్పు. మోటారు ఎంత లాగినా, బ్రేకు ఎంత పట్టినా, స్టీరింగ్ ఎంత తిరిగినా ఆ నాలుగూ నేలను పట్టుకున్నంతవరకే. షాకులు, స్ప్రింగులు, క్యాంబర్ (చక్రం నిటారు నుంచి వాలే కోణం), డిఫ్ (కుడి ఎడమ చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) అన్నీ ఆ టైర్లను నేలకు సమంగా ఒత్తి ఉంచడానికే ఉన్నాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళలో చాలామంది ముందు మెరిసే అల్యూమినియం భాగాలు కొంటారు, తర్వాత పెద్ద మోటారు కొంటారు, డబ్బులు మిగిలితే టైర్లు కొంటారు. మీరు ఈ వరుసను తిప్పేయండి. టైర్లు, సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు), మోటారు-ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే ఎలక్ట్రానిక్ భాగం), బేరింగులు, షాకులు, ఆ తర్వాతే మిగతావి.

ఇక్కడ చెప్పేదంతా 190 మి.మీ. వెడల్పుండే ఎలక్ట్రిక్ ఫోర్ వీల్ డ్రైవ్ టూరింగ్ కార్ల గురించి. తమియా టీటీ-02 లాంటి మొదటి కారుకూ, ఎక్స్‌రే, యోకోమో, ఆసమాటిక్స్ లాంటి కంపెనీల పోటీ కార్లకూ వర్తిస్తుంది. కొలతలు మారతాయి గానీ పద్ధతి ఒకటే.

1. కొనకముందే క్లాస్ తేల్చుకోండి

మీరు ఎక్కడ నడపబోతున్నారో అక్కడ ఏ క్లాస్ (పోటీ విభాగం) నడుస్తోందో ముందు కనుక్కోండి. ఎన్ని టర్నుల (లోపలి తీగ చుట్ల) మోటారు, ఈఎస్‌సీలో టైమింగ్ (వేగం పెంచడానికి మోటారుకు కరెంటు కాస్త ముందుగా అందించడం) వాడొచ్చా, ఏ టైర్లు, కారు కనీస బరువు ఎంత, టైర్లకు అడిటివ్ (పట్టు పెంచే ద్రవం) రాయొచ్చా అనే ఐదు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం షాపింగ్ లిస్టు తయారైనట్టే. టర్నులు తగ్గేకొద్దీ మోటారు వేగం పెరుగుతుంది: 21.5 టర్నులది నెమ్మది, 17.5 మధ్యస్థం, 13.5 చురుకు, ఆ కిందకు పోతే మాడిఫైడ్ అనే వేగపు క్లాస్. మొదటి ఏడాది 21.5 గానీ 17.5 గానీ చాలు. వేగం తక్కువైనప్పుడే మలుపులో చేసిన తప్పు స్పష్టంగా కనిపిస్తుంది.

"బ్లింకీ" అన్న మాట తరచూ వినబడుతుంది. ఈఎస్‌సీ తనంతట తాను టైమింగ్ కలపకుండా, సున్నా మీద నడిచే మోడ్ అది. ఆ మోడ్‌లో ఉన్నట్టు తెలియడానికి లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, అందుకే ఆ పేరు. స్టాక్ క్లాసులు (నిర్ణీత టర్నుల మోటారు వాడేవి) చాలావరకు ఇలాగే నడుస్తాయి. ఈఎస్‌సీ కొనేటప్పుడు బ్లింకీ మోడ్ ఉందో లేదో చూసుకోండి.

2. చాసిస్

టీటీ-02 షాఫ్టుతో నడిచే ప్లాస్టిక్ టబ్ చాసిస్. 2013 నుంచి వస్తోంది, భాగాలు ఎక్కడైనా దొరుకుతాయి, దెబ్బలు తట్టుకుంటుంది. గేర్లు, షాఫ్టు మూత కింద ఉంటాయి కాబట్టి మన పార్కింగ్ స్థలాల ఇసుక, చిన్న రాళ్ళు లోపలికి సులువుగా పోవు. బెల్టుతో నడిచే కార్బన్ చాసిస్‌లో బెల్టులు, పుల్లీలు బయటికే కనిపిస్తాయి. ఒక గులకరాయి పుల్లీలోకి దూరితే బెల్టు పళ్ళు రాలిపోతాయి. ఊడ్చిన ట్రాక్ గానీ, కార్పెట్ గానీ అందుబాటులో ఉంటేనే బెల్టు కారుకు వెళ్ళండి.

టీటీ-02 తీసుకుంటే ముందు మార్చాల్సినవి రెండే. కిట్‌లో ప్లాస్టిక్ బుషింగులు వస్తే వాటి స్థానంలో బాల్ బేరింగులు వేయండి. ఎన్ని కావాలో, ఏ సైజువో మాన్యువల్‌లో ఉంటుంది. బుషింగులు ఇసుక తిని అరిగితే చక్రాలు ఊగుతాయి, మోటారుకు బరువు పెరిగి వేడెక్కుతుంది. రెండోది షాకులు. మామూలు కిట్‌లో వచ్చేవాటిలో ఆయిల్ ఉండదు, స్ప్రింగు, రాపిడి మాత్రమే. తమియా సీవీఏ ఆయిల్ షాకుల సెట్ వేస్తే అదే కారు వేరే కారులా నడుస్తుంది. అల్యూమినియం ఆర్ముల (చక్రాలను చాసిస్‌కు కలిపే చేతుల) జోలికి పోకండి. గోడకు గుద్దుకుంటే ప్లాస్టిక్ ఆర్ము వంగి మళ్ళీ తన చోటికి వస్తుంది. అల్యూమినియం వంగితే వంగినట్టే ఉండిపోతుంది. పైగా ఆ దెబ్బ చాసిస్‌కు చేరి స్క్రూ రంధ్రాలను చీలుస్తుంది.

3. సర్వో, మోటారు, ఈఎస్‌సీ, బ్యాటరీ

సర్వో: 60 డిగ్రీలకు 0.10 సెకను లేదా అంతకన్నా వేగం, 8 కిలోల పైన టార్క్, మెటల్ గేర్లు. పోటీ కార్లలో లో-ప్రొఫైల్ సైజే పడుతుంది. అందరూ తప్పు చేసేది స్ప్లైన్ (సర్వో ఇరుసు మీది పళ్ళు) దగ్గర. ఫుటాబా, సావాక్స్ సర్వోలకు 25 పళ్ళు, సాన్వా, కేఓ సర్వోలకు 23 పళ్ళు. 23 దాని మీద 25 పళ్ళ హార్న్ (ఆ ఇరుసుకు బిగించే చిన్న చెయ్యి) వదులుగా ఎక్కి, స్క్రూ బిగించాక సరిపోయినట్టే అనిపిస్తుంది. మొదటి దెబ్బకు జారుతుంది. సర్వో 7.4 వోల్టులు తట్టుకుంటుందో లేదో కూడా చూడండి, తట్టుకోకపోతే ఈఎస్‌సీ బీఈసీని (సర్వోకు కరెంటిచ్చే భాగాన్ని) 6 వోల్టులకు పెట్టండి.

మోటారు: 540 సైజు, సెన్సర్ ఉన్న బ్రష్‌లెస్. సెన్సర్ లేనిది నిలబడిన చోటు నుంచి కదిలేటప్పుడు తడబడుతుంది, రేస్ స్టార్ట్‌లో అది పనికిరాదు. మోటారు బిగించే స్క్రూలు 3 మి.మీ. మందం. వాటి పొడవు తప్పకుండా కొలవండి. పొడవైన స్క్రూ మోటారు లోపలి వైండింగ్‌ను తాకితే మోటారు కాలిపోతుంది, ఈఎస్‌సీ కూడా దానితో పోవచ్చు.

ఈఎస్‌సీ: 17.5, 21.5 మోటార్లకు 60 ఆంపియర్ల సెన్సర్డ్ ఈఎస్‌సీ సరిపోతుంది. 13.5, అంతకన్నా తక్కువ టర్నులకు 120 ఆంపియర్లది తీసుకోండి. ఫ్యాన్ ఉన్నది ఎంచుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఎండలో నడిపేవాళ్ళకు ఫ్యాన్ లేకుండా గడవదు.

బ్యాటరీ: 2ఎస్ (రెండు సెల్‌ల) లైపో, గట్టి ప్లాస్టిక్ కేసుది మాత్రమే. మెత్తని కవరున్నది గుద్దుకుంటే లోపలి సెల్ నలిగి మంట అంటుకునే ప్రమాదం ఉంది. కారులో స్థలం బట్టి స్టిక్ (పొడవైనది) లేదా షార్టీ (పొట్టిది). ఛార్జర్ తప్పనిసరిగా బ్యాలెన్స్ ఛార్జింగ్ (సెల్‌లను సమంగా నింపడం) చేసేదై ఉండాలి.

వైర్లు అతికేటప్పుడు 60 వాట్లకు తగ్గని సోల్డరింగ్ ఐరన్ వాడండి. 25 వాట్లదానితో 12 లేదా 14 గేజ్ వైరు మీద కూర్చుంటే, వైరు వేడెక్కేలోపు మోటారు ట్యాబ్ చుట్టూ ప్లాస్టిక్ కరుగుతుంది. ముందు వైరు చివరకు, ట్యాబ్‌కు విడివిడిగా సీసం పట్టించి, తర్వాత రెండిటినీ కలిపి మూడు సెకన్లు వేడి చేస్తే చాలు. అతుకు నిగనిగలాడాలి. మసకగా, ముద్దగా ఉంటే అది చల్లని అతుకు, పరుగులో ఊడుతుంది. ఏ, బీ, సీ గుర్తులు మోటారు మీద, ఈఎస్‌సీ మీద ఒకటే అయ్యేలా చూడండి. సెన్సర్ ఉన్న మోటారుకు వైర్లు తారుమారు చేయకూడదు.

4. కూర్చేటప్పుడు

తమియా కిట్‌లో ప్లస్ తల స్క్రూలు జిస్ (జపాన్ ప్రమాణం) పద్ధతివి. మామూలు స్క్రూడ్రైవరు వాటి తల అరగదీస్తుంది, జిస్ నంబర్ 2 కొనుక్కోండి. పోటీ కార్లకు 1.5, 2.0, 2.5 మి.మీ. హెక్స్ డ్రైవర్లు కావాలి.

ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూను ఒకసారి విప్పి మళ్ళీ బిగించేటప్పుడు, ముందు వెనక్కి తిప్పండి. ఒక చోట "టక్" మని చిన్నగా దిగినట్టు వేలికి తెలుస్తుంది. పాత మర మొదలు అదే. అక్కడి నుంచి బిగిస్తే స్క్రూ పాత దారిలోనే పోతుంది. ఇది చేయకుండా ప్రతిసారీ బలవంతంగా తిప్పితే నాలుగోసారికి రంధ్రం వదులవుతుంది. ఇనుము ఇనుములోకి దిగే చోట నీలం థ్రెడ్‌లాక్ ఒక చుక్క వేయండి. ప్లాస్టిక్ మీద పడనివ్వకండి, చాలా ప్లాస్టిక్‌లు దానికి పగుళ్ళు పడతాయి.

ఆర్ములు బిగించాక షాకులు పెట్టకముందు ఒక్కోదాన్ని పైకెత్తి వదలండి. తన బరువుతో తాను కిందకు వాలాలి. మధ్యలో ఆగితే ఆర్ము రంధ్రం బిగుసుగా ఉంది, రీమర్‌తో (రంధ్రాన్ని కాస్త వెడల్పు చేసే పనిముట్టు) ఒక్క తిప్పు తిప్పి మళ్ళీ చూడండి. బాల్ కప్పులు బిగుసుగా ఉంటే బాల్ మీద ఎక్కించి పట్టకారుతో పక్కలను మెల్లగా నొక్కండి. ఇరవై నిమిషాల పని ఇది. ఈ పని వదిలేసి షాక్ ఆయిల్ మార్చుకుంటూ పోతే నెలల తరబడి కారు ఎందుకు తిన్నగా ఉండదో అంతుచిక్కదు.

5. షాకులు నింపడం

తారు మీద మొదలుపెట్టడానికి 400 సీఎస్‌టీ (చిక్కదనం కొలత) ఆయిల్ తీసుకోండి. ఎండ బాగా కాసే రోజుల్లో 450. "30 వెయిట్, 35 వెయిట్" అని రాసే డబ్బాలు కంపెనీకో రకంగా ఉంటాయి, అంచేత సీఎస్‌టీ లెక్కే చూసుకోండి, వీలైతే ఒకే కంపెనీ ఆయిల్ వాడండి.

పిస్టన్ రాడ్ కిందకు పూర్తిగా లాగి, షాక్‌ను నిటారుగా పట్టుకుని, అంచుకు 2 మి.మీ. కిందవరకు ఆయిల్ పోయండి. ఇప్పుడు రాడ్‌ను చాలా నెమ్మదిగా పైకి కిందకు కదపండి. పిస్టన్ రంధ్రాల నుంచి గాలి బుడగలు దారంలా పైకి వస్తాయి. వేగంగా కదిపితే ఉన్న బుడగలు పోవు, కొత్తవి పుడతాయి. పిస్టన్ పైకి వచ్చినప్పుడు ఆయిల్ ఉపరితలం దాటి బయటపడకూడదు, పడితే గాలి మింగి మళ్ళీ దిగుతుంది. పది నిమిషాలు అలా నిలబెట్టి వదిలేయండి. పిస్టన్ అంచున అంటుకున్న చిట్టచివరి బుడగలు, ఆవగింజంత ఉండేవి, అప్పుడే వదులుతాయి. ఆపై అంచువరకు ఆయిల్ నింపి, బ్లాడర్ (మూత కింది రబ్బరు పొర) పెట్టి, మూత సగం బిగించి, రాడ్‌ను నెమ్మదిగా పూర్తిగా లోపలికి తోయండి. అదనపు ఆయిల్ మర పక్క నుంచి కారుతుంది. అలాగే పట్టుకుని మూత పూర్తిగా బిగించండి.

రాడ్‌ను తోసి వదిలితే అది తనంతట తాను బయటికి వచ్చే దూరాన్ని రీబౌండ్ అంటారు. నాలుగిటికీ ఒకేలా ఉండాలి. ముందరి రెండు ఒకటిగా, వెనక రెండు ఒకటిగా ఉన్నా ఫర్వాలేదు. కుడి ఎడమల మధ్య తేడా మాత్రం ఉండకూడదు. షాక్‌ను చెవి దగ్గర పెట్టుకుని కదపండి. "చుయ్, చుయ్" మన్న చప్పుడు వస్తే గాలి మిగిలింది, మళ్ళీ మొదటికి. తర్వాత నాలుగు షాకుల పొడవు వెర్నియర్‌తో కొలిచి, జతలో 0.1 మి.మీ. తేడా కూడా లేకుండా కింది కప్పు తిప్పి సరిచేయండి.

6. డిఫ్

పోటీ కార్లలో ముందు స్పూల్, వెనక గేర్ డిఫ్ వేస్తారు. స్పూల్ అంటే రెండు ముందు చక్రాలూ కలిసే తిరుగుతాయి, బ్రేకులో కారు తిన్నగా ఆగుతుంది. వెనక డిఫ్‌లో తారు మీద 5000 సీఎస్‌టీ ఆయిల్‌తో మొదలుపెట్టండి. కార్పెట్ మీద 7000 నుంచి 10000 వరకు పోవచ్చు. పలచని ఆయిల్ వెనక పట్టు ఇస్తుంది. చిక్కనిది వెనక చక్రాలను కలిపి తిప్పడానికి చూస్తుంది కాబట్టి, పట్టు తక్కువున్న చోట థ్రాటిల్ తెరవగానే వెనక జారుతుంది.

నింపేటప్పుడు లోపలి క్రాస్ పిన్నులు మునిగేంతవరకే పోయండి. పూర్తిగా నింపితే వేడికి ఆయిల్ వ్యాకోచించి సీళ్ళలోంచి కారుతుంది. ఖాళీ డిఫ్ బరువు, నింపిన డిఫ్ బరువు చిన్న నగల త్రాసు మీద రాసిపెట్టుకుంటే తర్వాతిసారి సరిగ్గా అంతే పోయొచ్చు. టీటీ-02 కిట్ డిఫ్‌కు ఆయిల్ నిలిచే సీళ్ళు లేవు, అందులో చిక్కటి గ్రీజు పెట్టండి.

7. గేర్లు

ఫైనల్ డ్రైవ్ రేషియో లెక్క: స్పర్ (పెద్ద గేరు) పళ్ళు భాగించు పినియన్ (మోటారు ఇరుసు మీది చిన్న గేరు) పళ్ళు, దాన్ని కారు లోపలి రేషియోతో గుణించాలి. టీటీ-02లో లోపలి రేషియో 2.6. కిట్‌తో వచ్చే 70 పళ్ళ స్పర్, 22 పళ్ళ పినియన్ వేస్తే 8.27 వస్తుంది. కిట్ బ్రష్డ్ మోటారుకు అది బాగుంటుంది. లోపలి రేషియో 1.9 ఉన్న బెల్టు కారులో 96 స్పర్, 40 పినియన్ వేస్తే 4.56. పినియన్‌కు ఒక పన్ను కలిపితే 4.45 అవుతుంది. సంఖ్య తగ్గితే చివరి వేగం ఎక్కువ, మోటారుకు వేడి కూడా ఎక్కువ.

బ్లింకీలో ఎక్కడ మొదలుపెట్టాలంటే 21.5కు 4.0, 17.5కు 4.6, 13.5కు 5.5. ఇవి జాగ్రత్త వైపు ఉన్న అంకెలు. మూడు నిమిషాలు నడిపి ఆపి, వెంటనే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో మోటారు డబ్బా వేడి చూడండి. 60 డిగ్రీల లోపుంటే పినియన్‌కు ఒక పన్ను కలపండి. ఐదు నిమిషాల తర్వాత 75 దాటితే ఒకటి తగ్గించండి. 80 పైన రోటార్ అయస్కాంతం బలం కోల్పోవడం మొదలవుతుంది, అది తిరిగి రాదు. మోటారు వెనక మూత మీది టైమింగ్ తిప్పినప్పుడు కూడా ఇదే పరీక్ష మళ్ళీ చేయాలి. పొద్దున ఏడింటికి 28 డిగ్రీల గాలిలో సరిపోయిన గేరు మధ్యాహ్నం 42 డిగ్రీల్లో సరిపోదు.

రబ్బరు టైరు అరిగితే గేరు కూడా మారినట్టే. 63 మి.మీ. టైరు, 4.56 రేషియోతో మోటారు ఒక చుట్టుకు కారు 43.4 మి.మీ. కదులుతుంది. టైరు 61కి అరిగితే అదే 42 మి.మీ. ఒక పన్నుకు పైనే పోయింది.

పినియన్, స్పర్ రెండూ ఒకే పిచ్ (పళ్ళ సైజు) అవ్వాలి. 64 పిచ్, 48 పిచ్, మాడ్యూల్ 0.6 ఒకదానితో ఒకటి కలవవు. పైకి కలిసినట్టు కనిపించి, రెండు నిమిషాల్లో స్పర్ పళ్ళను పిండి చేస్తాయి. వాటి మధ్య దూరం సరిచేయడానికి నోటుపుస్తకం కాగితం పట్టీ పళ్ళ మధ్య పెట్టి మోటారు స్క్రూలు బిగించి, కాగితం లాగేయండి. మోటారు స్క్రూలు బిగించాక స్పర్‌ను వేలితో చుట్టూ తిప్పి చూడండి. ఒక చోట బిగుసుగా, ఒక చోట వదులుగా ఉంటే స్పర్ కొంచెం వంకరగా ఉంది, బిగుసుగా ఉన్న చోటుకే దూరం సరిచేయండి.

8. టైర్లు

సోరెక్స్, స్వీప్, వొలాంటే లాంటి రబ్బరు టైర్లకు 24, 28, 32, 36, 40 అని అంకెలుంటాయి. మామూలుగా అంకె పెరిగేకొద్దీ వేడి నేలకు పనికొచ్చే రబ్బరు. ఎండాకాలం మధ్యాహ్నం తారు 50 డిగ్రీలు దాటుతుంది. అక్కడ 28 వేస్తే రెండు నిమిషాలకే ముద్దగా మారి జారుతుంది. తెలంగాణ, ఆంధ్రలో బయట నడిపేవాళ్ళకు ఎక్కువ నెలలు 36 లేదా 40, డిసెంబరు, జనవరి ఉదయాలకు 32. అమెరికాలోనో, యూరప్‌లోనో ఇండోర్ కార్పెట్ మీద నడిపే తెలుగువాళ్ళకు ఈ లెక్క వర్తించదు. అక్కడ క్లబ్బు నిర్ణయించిన ఒకే టైరు ఉంటుంది, అదే వాడాలి.

ముందే అతికించి వచ్చే సెట్లే కొనండి. లోపలి స్పాంజి, రిమ్ము, జిగురు అన్నీ ఒకేలా ఉంటాయి. కొత్త టైరు మీద అచ్చు నుంచి వచ్చిన పలచని మైనపు పొర ఉంటుంది. టైర్ క్లీనరుతో తుడిచి, మొదటి ఐదు నిమిషాలు నెమ్మదిగా నడిపి దాన్ని పోగొట్టండి. కొత్త సెట్‌తో నేరుగా సెటప్ పరీక్షలు చేస్తే వచ్చే ఫలితాలు అబద్ధం. అడిటివ్ అనుమతి ఉంటే రాసి ఇరవై నిమిషాలు ఉంచి, బయలుదేరే ముందు పొడిగుడ్డతో పూర్తిగా తుడవండి.

నడిపాక టైరు అరుగుదల చూడటం అలవాటు చేసుకోండి. లోపలి అంచు మాత్రమే శంఖంలా అరిగితే క్యాంబర్ ఎక్కువైంది, అర డిగ్రీ తగ్గించండి. బయటి అంచు అరిగితే పెంచండి. లోపల రవ్వంత ఎక్కువ, మిగతా అంతా సమానంగా ఉండటమే మనకు కావాలి.

9. సెటప్ బోర్డు మీద

బల్ల మీద కొలిస్తే చాలదు. మందపాటి అద్దం గానీ, పాలిష్ గ్రానైట్ ముక్క గానీ తీసుకోండి. వంటింటి గట్టు తయారుచేసే షాపులో మిగిలిన 50 సెం.మీ. గ్రానైట్ ముక్క చవకగా దొరుకుతుంది, నిక్కచ్చిగా సమతలంగా ఉంటుంది. స్పిరిట్ లెవెల్ పెట్టి సరిచూసుకోండి. బ్యాటరీతో సహా నడపడానికి సిద్ధంగా ఉన్న కారునే కొలవాలి.

మొదటి అంకెలు, తారుకు:

రైడ్ హైట్ (నేల నుంచి చాసిస్ ఎత్తు): నునుపైన ట్రాక్‌కు ముందు, వెనక 5.5 మి.మీ.; గరుకు పార్కింగ్ స్థలానికి 6.5. కార్పెట్‌కు 5.
క్యాంబర్: ముందు మైనస్ 1.5, వెనక మైనస్ 2 డిగ్రీలు. మైనస్ అంటే చక్రం పైభాగం లోపలికి వాలడం.
టో (పైనుంచి చూస్తే చక్రం ముందు భాగం లోపలికో బయటికో తిరిగే కోణం): ముందు సున్నా నుంచి 0.5 డిగ్రీ బయటికి, వెనక 3 డిగ్రీలు లోపలికి.
క్యాస్టర్ (ముందు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం): 4 నుంచి 6 డిగ్రీలు.
డ్రూప్: చాసిస్ అంచును నెమ్మదిగా ఎత్తితే టైరు బోర్డును వదలబోయే ముందు ముందువైపు 2.5, వెనక 3 మి.మీ. లేవాలి.

టీటీ-02లో వీటన్నిటినీ మార్చే ఏర్పాటు ఉండదు, మార్చగలిగినవాటిని కుడి ఎడమ సమానం చేయడమే అక్కడ ముఖ్యం.

ఇప్పుడు ట్వీక్. కారు ఒక వైపు మలుపులో బాగా తిరిగి, ఇంకో వైపు వెనక జారితే పదిలో తొమ్మిది సార్లు కారణం ఇదే. చాసిస్ మెలితిరిగో, ఒక షాక్ పొడవుగా ఉండో, ఎదురెదురు మూలల మీద బరువు ఎక్కువ పడుతోంది. కారును గ్రానైట్ మీద పెట్టండి. కట్టర్ కత్తి మొన చాసిస్ ముందు అంచు సరిగ్గా మధ్యలో, కింద పెట్టి మెల్లగా ఎత్తండి. రెండు ముందు చక్రాలూ ఒకేసారి బోర్డును వదలాలి. కుడిది ముందు లేస్తే ఆ మూల మీద బరువు తక్కువుంది. వెనక కూడా ఇలాగే చూడండి. స్ప్రింగు కాలర్ (స్ప్రింగును పైకి కిందకు జరిపే రింగు) తిప్పేద్దామని చెయ్యి పోతుంది, వద్దు. ముందు షాకులు, యాంటీ రోల్ బార్లు (మలుపులో కారు పక్కకు వాలడాన్ని తగ్గించే కడ్డీలు) విప్పేసి, పై డెక్ స్క్రూలన్నీ సగం తిప్పు వదులు చేయండి. చాసిస్‌ను గ్రానైట్ మీద అరచేతులతో నొక్కిపట్టి, స్క్రూలను ఎదురెదురు మూలల వరుసలో మళ్ళీ బిగించండి. మళ్ళీ అన్నీ పెట్టి చూడండి. ఇప్పటికీ తేడా ఉంటే రోల్ బార్ లింకు పొడవులు, షాక్ పొడవులు చూడండి. అవన్నీ సమంగా ఉన్నాకే కాలర్‌ను పావు తిప్పు, అదీ ఎదురు మూలల జతగా.

బ్యాటరీ టేపు కూడా చాసిస్‌ను వంచుతుంది. గట్టిగా లాగి అతికించకండి, బ్యాటరీ కదలకుండా ఉంటే చాలు.

కుడి ఎడమ బరువు చూడటానికి చాసిస్ మధ్య గీత మీద ముందొకటి, వెనకొకటి మొన పెట్టి నిలబెట్టండి. వాలిన వైపుకు ఎదురుగా సీసం ముక్కలు, 5 గ్రాముల చొప్పున, మధ్య గీతకు వీలైనంత దూరంగా కింద అతికించండి.

10. రేడియో

సర్వో హార్న్ పెట్టకముందే రేడియో ఆన్ చేసి, ట్రిమ్ (మధ్య స్థానాన్ని సవరించే మీట) సున్నా చేసి, సర్వో మధ్యకు వచ్చాక హార్న్ ఎక్కించండి. ముందు ఎక్కించి ట్రిమ్‌తో సరిచేస్తే ఒక వైపు తిరుగుడు తగ్గిపోతుంది. చక్రం పూర్తిగా తిరిగినప్పుడు సర్వో "కీ" మని మూలిగితే ఎండ్ పాయింటు (సర్వో తిరిగే హద్దు) తగ్గించాలి. నేల మీద నెమ్మదిగా పూర్తి స్టీరింగ్‌తో కుడికో వలయం, ఎడమకో వలయం వేయించి, రెండిటి వెడల్పు సమానమయ్యేదాకా ఎండ్ పాయింట్లు సవరించండి.

ఈఎస్‌సీ క్యాలిబ్రేషన్: న్యూట్రల్, పూర్తి థ్రాటిల్, పూర్తి బ్రేకు, ఆ వరుసలో. కటాఫ్ (బ్యాటరీ తగ్గితే మోటారును ఆపే హద్దు) ఒక్కో సెల్‌కు 3.2 వోల్టులకు తగ్గకుండా పెట్టండి. డ్రాగ్ బ్రేకు (థ్రాటిల్ వదలగానే తనంతట తాను పడే బ్రేకు) మొదట సున్నా. ఫెయిల్‌సేఫ్ పెట్టడం మరవకండి: సిగ్నల్ పోతే థ్రాటిల్ న్యూట్రల్‌కో, బ్రేకుకో పోవాలి. కారును స్టాండు మీద పెట్టి, కొద్దిగా థ్రాటిల్ ఇచ్చి, రేడియో ఆపి చూడండి. చక్రాలు ఆగాలి. ఈ ఒక్క పరీక్షకు తప్ప రేడియోను ముందు ఆన్ చేయాలి, చివర ఆఫ్ చేయాలి. గంటకు 50 కిలోమీటర్లతో పోయే కారు జనంలోకి దూసుకుపోకుండా ఆపేది ఫెయిల్‌సేఫే.

11. ట్రాక్ మీద ఏం మార్చాలి

ఒక్కసారి ఒక్క మార్పే. ఐదు నిమిషాలు నడిపి, ల్యాప్ టైము రాసుకుని, మళ్ళీ పాత సెట్టింగుకు వెళ్ళి తేడా నిజమేనా చూడండి.

మలుపులోకి దిగేటప్పుడే ముందు చక్రాలు జారి కారు బయటికి పోతుంటే వెనక డ్రూప్ 0.5 మి.మీ. పెంచండి, థ్రాటిల్ వదలగానే బరువు ముందుకు వస్తుంది. ముందు స్ప్రింగు ఒక మెట్టు మెత్తబరచడం రెండో దారి. మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు వెనక జారితే వెనక స్ప్రింగు మెత్తబరచండి, లేదా డిఫ్ ఆయిల్ 5000 నుంచి 3000కు దించండి, లేదా ముందు డ్రూప్ కాస్త పెంచండి. స్ట్రెయిట్‌లో కారు అటూ ఇటూ వెతుక్కుంటూ పోతే ముందు టోను సున్నాకు తెండి, బాల్ కప్పుల అరుగుదల చూడండి. పట్టు బాగా ఉన్న కార్పెట్ మీద కారు పల్టీ కొడితే రైడ్ హైట్ తగ్గించి, ముందు టైరు బయటి గోడకు పలచగా సూపర్ గ్లూ రాయండి. గతుకుల మీద ఎగురుతుంటే రోల్ బార్ తీసేసి చూడండి. మన పార్కింగ్ స్థలాల్లో చాలాసార్లు ఇదొక్కటే సరిపోతుంది.

బాడీ షెల్ కూడా సెటప్‌లో భాగమే. 5 మి.మీ. ముందుకు జరిపి బిగిస్తే వేగపు మలుపుల్లో ముందు పట్టు తెలిసేలా పెరుగుతుంది. కత్తిరించాక రంగు లోపలి వైపే వేయండి, పాలీకార్బొనేట్ రంగే వాడండి. అంతకుముందు గిన్నెల సబ్బుతో కడిగి ఆరబెట్టకపోతే రంగు మొదటి దెబ్బకే పొరలుగా ఊడుతుంది.

12. లైపోను ఇంటికి తెచ్చాక

ఛార్జింగ్ 1సీ దగ్గర చేయండి: 6000 ఎంఏహెచ్ బ్యాటరీకి 6 ఆంపియర్లు. నిండితే 8.4 వోల్టులు. లైపో సంచిలో పెట్టి, గచ్చు మీద, మనిషి కనుచూపులో. నడిపిన వెంటనే వేడి మీద ఛార్జికి పెట్టకండి, చేతికి చల్లగా తగిలేదాకా ఆగండి. మళ్ళీ వారం దాకా వాడకపోతే ఛార్జర్‌లో స్టోరేజ్ మోడ్ పెట్టి సెల్‌కు 3.8 వోల్టులకు తెండి. నిండుగా పెట్టి ఎండాకాలంలో వదిలేసిన బ్యాటరీ ఉబ్బుతుంది. ఎండలో నిలిపిన కారు డిక్కీలో అసలు ఉంచకండి. కేసు ఉబ్బి మూత కొంచెం విడినట్టు కనిపించినా ఆ బ్యాటరీని మళ్ళీ ఛార్జ్ చేయకండి. మిగిలిన ఛార్జిని చిన్న బల్బుతో ఇంటి బయట పూర్తిగా తీసేసి, ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి.